మానిటరింగ్ లాగ్‌ల నుంచి నెలవారీ అప్‌టైమ్ లెక్కించడం ఎలా?

నెల ముగిసి క్లయింటుకు రిపోర్టు పంపవలసిన రోజు వచ్చేసరికి చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే: మానిటరింగ్ లాగ్ ఫైళ్లు చేతిలో ఉన్నాయి, వాటి నుంచి అప్‌టైమ్ శాతం, అంటే సర్వీసు పనిచేసిన సమయపు శాతం, ఎలా తీయాలి? భాగహారం చివరన చేసే చిన్న పని. అసలు శ్రమంతా దానికి ముందు ఉంటుంది. నెలలోని ప్రతి నిమిషాన్నీ నాలుగు ఖాతాల్లో ఏదో ఒక దానికి జమ చేయాలి. సర్వీసు పనిచేసిన సమయం మొదటిది, పనిచేయని సమయం రెండవది, ముందుగా తెలియజేసి ఆపిన సమయం మూడవది, ఏం జరిగిందో మన లాగ్ చెప్పలేని సమయం నాలుగవది. ఈ నాలుగవ ఖాతాను చాలా రిపోర్టులు ఎవరికీ చెప్పకుండా మొదటి ఖాతాలో కలిపేస్తాయి. అలా వచ్చిన శాతాన్ని ఎవరైనా గట్టిగా ప్రశ్నిస్తే నిలబెట్టుకోవడం కష్టం.

ఇక్కడ సర్వర్లను, సర్వీసులను తనిఖీ చేసే నాగియోస్ కోర్ అనే మానిటరింగ్ సాధనం లాగ్‌ను ఆధారంగా తీసుకుంటున్నాను. అది మామూలు టెక్స్ట్ ఫైలు కాబట్టి ఎవరైనా తెరిచి చదవవచ్చు. వేరే సాధనం వాడేవారికీ అడుగులు ఇవే, మారే చోట్లు తర్వాత చెబుతాను. ఉదాహరణకు 2025 నవంబరు నెలలో ఒక కళాశాల ఫీజు చెల్లింపు వెబ్‌సైటును తీసుకుందాం. అందులోని అంతరాయాలు లెక్క వివరించడానికి కూర్చినవే, కానీ తేదీలు, సెకన్లు ఒకదానితో ఒకటి సరిపోతాయి. మీరు కాగితం మీద వెంట లెక్కిస్తూ చదవవచ్చు.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

ఆ నెల లాగ్ ఫైళ్లన్నీ కావాలి. నాగియోస్‌లో రోజువారీ రొటేషన్ (రోజుకో కొత్త లాగ్ ఫైలు మొదలుపెట్టే ఏర్పాటు) పెట్టి ఉంటే పాత ఫైలు పేరులో నెల, తేదీ, సంవత్సరం, గంట ఆ వరుసలో ఉంటాయి. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. 11-02-2025-00 అనే ఫైలును మన అలవాటు ప్రకారం ఫిబ్రవరి 11 అని చదవకండి, అది నవంబరు 2. పైగా ఆ తేదీ ఫైలును మార్చిన సమయమే తప్ప లోపలి సమాచారపు తేదీ కాదు. నవంబరు 1వ తేదీ అర్ధరాత్రి పేరుతో ఉన్న ఫైలులో ఉండేది అక్టోబరు 31 సమాచారం. కాబట్టి నవంబరు లెక్కకు నవంబరు 2 పేరున్న ఫైలు నుంచి డిసెంబరు 1 పేరున్న ఫైలు వరకు 30 ఫైళ్లు తీసుకోవాలి. అటూ ఇటూ ఒక్కో ఫైలు అదనంగా ఉంచుకుంటే నెల అంచుల్లోని సంఘటనలకు పనికొస్తాయి.

ఆ నెలలో అమలులో ఉన్న సెట్టింగులు రాసి పెట్టుకోండి: ఎన్ని నిమిషాలకొకసారి తనిఖీ జరుగుతోంది, విఫలమైతే ఎంత సేపటికి మళ్లీ ప్రయత్నిస్తోంది, ఎన్నిసార్లు విఫలమైతే ఖాయం చేస్తోంది. మన ఉదాహరణలో ఇవి వరుసగా 5 నిమిషాలు, 1 నిమిషం, 3 సార్లు.

క్లయింటుతో చేసుకున్న ఎస్‌ఎల్‌ఏ (సేవా స్థాయి ఒప్పందం) ప్రతి, ముందస్తు మెయింటెనెన్స్ గురించి పంపిన మెయిళ్లు, వెబ్ సర్వర్ సొంత యాక్సెస్ లాగ్ (వచ్చిన అభ్యర్థనలు నమోదయ్యే ఫైలు), ఎక్సెల్ గానీ లిబ్రేఆఫీస్ కాల్క్ గానీ ఉంటే సరిపోతుంది.

సర్వర్ అప్‌టైమ్‌తో సర్వీస్ లెక్క తేలదు

లినక్స్‌లో ప్రాక్ డైరెక్టరీ కింద ఉండే అప్‌టైమ్ ఫైలులోని మొదటి అంకె యంత్రం బూట్ అయినప్పటి నుంచి గడిచిన సెకన్లు. యంత్రం ఏడాదిగా ఆగకుండా నడుస్తూ ఉండవచ్చు, దాని మీద ఉన్న వెబ్‌సైటు ఆ ఏడాదిలో ఎన్నోసార్లు పడిపోయి ఉండవచ్చు. ఆ అంకెకు ఈ రెండో సంగతి తెలియదు. కేవలం యంత్రం లెక్కే కావాలంటే లినక్స్‌లో రీబూట్ చరిత్ర చూడాలి. విండోస్‌లో అయితే ఈవెంట్ లాగ్‌లో 6005, 6006, 6008 సంఖ్యలు వెతకాలి. మొదటిది ఈవెంట్ లాగ్ సర్వీసు మొదలైనట్టు, రెండవది ఆగినట్టు, మూడవది యంత్రం అనుకోకుండా ఆరిపోయినట్టు సూచిస్తాయి.

నెట్‌వర్క్ పరికరాల అప్‌టైమ్‌ను ఎస్‌ఎన్‌ఎంపీ (పరికరాల నుంచి సమాచారం అడిగి తీసుకునే ప్రొటోకాల్) ద్వారా తీసేవారికి ఒక హెచ్చరిక. సిస్‌అప్‌టైమ్ విలువ సెకనులో నూరో వంతు చొప్పున పెరిగే 32 బిట్ల సంఖ్య, కాబట్టి దాదాపు 497 రోజులకు మళ్లీ సున్నాకు వస్తుంది. అది చూసి రూటర్ రీబూట్ అయిందని రాసేయకండి.

ఇక్కడి నుంచి చెప్పేదంతా సర్వీసు లెక్క.

అడుగు 1: నెల హద్దులను సెకన్లలో ఖాయం చేయండి

నాగియోస్ లాగ్‌లో ప్రతి లైను మొదట చతురస్ర బ్రాకెట్లలో ఉండే పది అంకెల సంఖ్య 1970 జనవరి 1 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలమానం) అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్ల సంఖ్య. దీన్నే ఎపోక్ సమయం అంటారు. ఎస్‌ఎల్‌ఏలో భారత కాలమానం అని ఉంటే నవంబరు 2025 మొదలయ్యేది 1761935400 దగ్గర, ముగిసేది 1764527400 దగ్గర. రెండింటి తేడా 25,92,000 సెకన్లు, అంటే 43,200 నిమిషాలు, సరిగ్గా 30 రోజులు. ఈ తీసివేత చేసి చూడకుండా ముందుకు వెళ్లకండి.

యూటీసీ అర్ధరాత్రిని హద్దుగా తీసుకుంటే ఐదున్నర గంటల జరుగుబాటు వస్తుంది. 1వ తేదీ తెల్లవారుజామున మన దగ్గర జరిగిన అంతరాయం గత నెల పద్దులోకి పోతుంది. హైదరాబాదులో కూర్చుని అమెరికా క్లయింట్ల సర్వర్లు చూసేవారికి ఇంకో చిక్కు ఉంది. 2025లో అక్కడ నవంబరు 2న గడియారాలు ఒక గంట వెనక్కి జరిగాయి. ఎస్‌ఎల్‌ఏ అమెరికా తూర్పు కాలమానంలో ఉంటే ఆ నవంబరులో 43,260 నిమిషాలు ఉన్నట్టు లెక్క. 30ని 1,440తో గుణించి వచ్చిన సంఖ్య అక్కడ చెల్లదు.

స్ప్రెడ్‌షీట్‌లో ఎపోక్‌ను మామూలు తేదీగా మార్చాలంటే దానికి 19,800 కలిపి, 86,400తో భాగించి, 25,569 కలపండి. ఆ గడికి తేదీ, సమయం ఫార్మాట్ పెట్టండి. 1762317000 సంఖ్యతో ప్రయత్నిస్తే 2025 నవంబరు 5, ఉదయం 10:00 రావాలి. వేరేది వస్తే సూత్రంలో ఎక్కడో తప్పు ఉంది.

అడుగు 2: ఏ స్థితిని డౌన్ అనాలో ముందే రాసుకోండి

నాగియోస్ సర్వీసుకు నాలుగు స్థితులు ఇస్తుంది: ఓకే, వార్నింగ్, క్రిటికల్, అన్‌నోన్. క్రిటికల్‌ను డౌన్‌గా తీసుకోవడంలో పేచీ లేదు. వార్నింగ్ అంటే సాధారణంగా సర్వీసు నడుస్తోంది కానీ నెమ్మదించింది. ఎస్‌ఎల్‌ఏలో వేగం గురించిన షరతు లేకపోతే దాన్ని పనిచేసిన సమయంగానే తీసుకోండి. అన్‌నోన్ అంటే తనిఖీ చేసే ప్లగిన్ తన పని తాను చేయలేకపోయిందని. దాన్ని నాలుగవ ఖాతాలో వేయండి. హోస్టు (సర్వీసు నడిచే యంత్రం) విషయంలో అన్‌రీచబుల్ అనే స్థితి కూడా ఉంది. మధ్యలోని రూటర్ పడిపోయి యంత్రం కనిపించకపోతే అది వస్తుంది. ఆ రూటర్ బాధ్యత ఎవరిదో ఎస్‌ఎల్‌ఏ చూసి తేల్చాలి.

ఈ నిర్ణయాలను లెక్క మొదలుపెట్టే ముందే రాయండి. శాతం వచ్చాక నిర్ణయిస్తే తెలియకుండానే మనకు అనుకూలమైన వైపు మొగ్గుతాం.

అడుగు 3: లాగ్ నుంచి అంతరాయాలు తీయండి

నవంబరు 5 నాటి సంఘటన లాగ్‌లో ఇలా ఉందనుకుందాం. అసలు ఫైలులో ఇంగ్లీషులో ఉండేదాన్ని తెలుగు లిపిలో ఇస్తున్నాను.

[1762317000] సర్వీస్ అలర్ట్: వెబ్01;హెచ్‌టీటీపీ;క్రిటికల్;సాఫ్ట్;1;సాకెట్ టైమౌట్
[1762317060] సర్వీస్ అలర్ట్: వెబ్01;హెచ్‌టీటీపీ;క్రిటికల్;సాఫ్ట్;2;సాకెట్ టైమౌట్
[1762317120] సర్వీస్ అలర్ట్: వెబ్01;హెచ్‌టీటీపీ;క్రిటికల్;హార్డ్;3;సాకెట్ టైమౌట్
[1762318620] సర్వీస్ అలర్ట్: వెబ్01;హెచ్‌టీటీపీ;ఓకే;హార్డ్;3;200 ఓకే

సాఫ్ట్ అంటే ఇంకా ఖాయం కాని స్థితి, హార్డ్ అంటే ఖాయమైన స్థితి. మొదటి వైఫల్యం 10:00కు, మూడవ ప్రయత్నంలో ఖాయమైంది 10:02కు, కోలుకున్నది 10:27కు. హార్డ్ లైను నుంచి లెక్కిస్తే 25 నిమిషాలు, మొదటి సాఫ్ట్ లైను నుంచి లెక్కిస్తే 27 నిమిషాలు. ఫీజు కట్టలేకపోయిన విద్యార్థికి సైటు 10:00కే ఆగింది. అందుకని, చివరకు హార్డ్ స్థితికి చేరిన ప్రతి అంతరాయాన్నీ దాని మొదటి సాఫ్ట్ లైను నుంచి లెక్కించడమే సరైనదని నా అభిప్రాయం. సాఫ్ట్ దశలోనే కోలుకున్న వాటిని విడిగా జాబితా రాసి, కలపాలా వద్దా అన్నది ఎస్‌ఎల్‌ఏ ప్రకారం తేల్చండి. సాఫ్ట్ లైన్లు మీ ఫైలులో అసలు కనిపించకపోతే రీట్రైలను (మళ్లీ చేసే ప్రయత్నాలను) లాగ్ చేసే సెట్టింగు ఆపి ఉందేమో చూడండి. ఆపి ఉంటే హార్డ్ సమయం నుంచి 2 నిమిషాలు వెనక్కి జరిపి, అలా జరిపినట్టు రిపోర్టులో రాయండి.

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో అంతరాయానికి ఒక్కో వరుస కేటాయించి సర్వీసు పేరు, మొదలు, ముగింపు, కారణం, ఖాతా అనే అయిదు నిలువు గళ్లు పెట్టండి. మొదలు, ముగింపు గళ్లలో ఎపోక్ సెకన్లనే ఉంచి, చదువుకోవడానికి తేదీ గళ్లను పక్కన వేరుగా పెట్టుకుంటే తప్పులు తగ్గుతాయి.

ఇక్కడ తరచూ జరిగే తప్పులు కొన్ని ఉన్నాయి.

ప్రతి రోజూ కొత్త ఫైలు మొదట్లో కరెంట్ సర్వీస్ స్టేట్ అనే లైన్లు వస్తాయి. ఫైలు మారిన క్షణంలో సర్వీసు ఏ స్థితిలో ఉందో అవి చెబుతాయంతే. అందులో క్రిటికల్ అని కనిపిస్తే కొత్త అంతరాయంగా వరుస తెరవకండి, అది నిన్నటి దాని కొనసాగింపే.

క్రిటికల్ తర్వాత వార్నింగ్ వచ్చి, కొంతసేపటికి ఓకే వచ్చిందనుకోండి. అడుగు 2లో వార్నింగ్‌ను పనిచేసిన సమయంగా నిర్ణయించుకుంటే అంతరాయం వార్నింగ్ దగ్గరే ముగిసింది. ఓకే కోసం వెతికితే లేని డౌన్‌టైమ్ చేరుతుంది.

విఫలమైన తనిఖీల సంఖ్యను 5 నిమిషాలతో గుణించడం మరో తప్పు. పై సంఘటనలో 10:00, 10:01, 10:02, 10:07, 10:12, 10:17, 10:22 సమయాల్లో ఏడు తనిఖీలు విఫలమయ్యాయి. 7ను 5తో గుణిస్తే 35 నిమిషాలు వస్తాయి, నిజానికి జరిగింది 27. విఫలమైనప్పుడు తనిఖీలు దగ్గరదగ్గరగా జరుగుతాయి కాబట్టి ఈ పద్ధతి మీ సర్వీసుకే అన్యాయం చేస్తుంది.

అడుగు 4: నెల అంచుల దగ్గర కత్తిరించండి

మన వెబ్‌సైటు నవంబరు 30 రాత్రి 11:40కి ఆగి డిసెంబరు 1న 12:25కు కోలుకుందనుకుందాం. మొత్తం 45 నిమిషాలు, అందులో నవంబరుకు 20, డిసెంబరుకు 25. మొదలు నెల హద్దుకంటే ముందుంటే హద్దును మొదలుగా, ముగింపు హద్దు దాటితే హద్దును ముగింపుగా పెట్టండి. అంతరాయం మొత్తాన్ని అది మొదలైన నెలలోనే వేసే అలవాటు ఉంటే మానండి, రెండు నెలల శాతాలూ చెడిపోతాయి.

అడుగు 5: ఒకదాని మీద ఒకటి పడిన అంతరాయాలను కలపండి

ఫీజు కట్టాలంటే వెబ్ సర్వరు, డేటాబేసు రెండూ ఉండాలి. నవంబరు 22న వెబ్ సర్వరు 14:00 నుంచి 14:35 వరకు, డేటాబేసు 14:10 నుంచి 14:50 వరకు ఆగాయి. 35, 40 కూడితే 75 వస్తుంది, కానీ విద్యార్థికి సేవ అందనిది 14:00 నుంచి 14:50 వరకు, అంటే 50 నిమిషాలే. కూడిక తప్పు వల్ల ఒకే 25 నిమిషాలు రెండుసార్లు లెక్కలోకి వచ్చాయి.

స్ప్రెడ్‌షీట్‌లో దీన్ని ఇలా సరిచేయండి. వరుసలన్నింటినీ మొదలు సమయం ప్రకారం క్రమంలో పెట్టండి. ఇప్పటివరకు వచ్చిన ముగింపుల్లో అతిపెద్దది ఏదో పక్క గడిలో నిలుపుకుంటూ రండి. తర్వాతి వరుస మొదలు ఆ సంఖ్యకు లోపలే ఉంటే అది పాత అంతరాయంలో భాగం, దాటితే కొత్తది. పక్కపక్క వరుసలను మాత్రమే పోల్చి చూస్తే చాలదు. పొడవైన అంతరాయం లోపల రెండు మూడు చిన్నవి ఇమిడి ఉన్నప్పుడు ఆ పోలిక తప్పుతుంది.

లోడ్ బ్యాలెన్సర్ (అభ్యర్థనలను సర్వర్ల మధ్య పంచేది) వెనుక రెండు వెబ్ సర్వర్లు ఉండి ఒకటి నడిస్తే చాలు అనే ఏర్పాటు ఉంటే పద్ధతి తిరగబడుతుంది. రెండూ ఒకేసారి ఆగిన భాగమే డౌన్‌టైమ్. విడివిడి శాతాలను గుణించే సూత్రం చాలామంది వాడతారు. 99.9 శాతం చొప్పున ఉన్న మూడు భాగాలు వరుసగా అవసరమైతే 99.7003 శాతం వస్తుంది. కానీ ఆ సూత్రం వైఫల్యాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివని అనుకుంటుంది. కరెంటు పోతే అన్నీ కలిసే పడతాయి. రాబోయే ఏర్పాటును అంచనా వేయడానికి ఆ సూత్రం పనికొస్తుంది, గడిచిన నెల లాగ్ చేతిలో ఉన్నప్పుడు దాని అవసరం లేదు.

అడుగు 6: మెయింటెనెన్స్ సమయాన్ని విడదీయండి

నవంబరు 16 ఆదివారం 01:00 నుంచి 03:00 వరకు మెయింటెనెన్స్ అని ముందే మెయిల్ పంపారు. సైటు 01:05కు ఆగి 03:20కి వచ్చింది. మినహాయింపు 03:00 వరకే. మిగిలిన 20 నిమిషాలు మామూలు డౌన్‌టైమే. పని మొదలైంది కాబట్టి మొత్తం 135 నిమిషాలూ మెయింటెనెన్సే అని రాయడం క్లయింటుకు ఇచ్చిన మాటను మనమే మార్చడం అవుతుంది.

మినహాయించిన 120 నిమిషాలను డౌన్‌టైమ్ నుంచే కాక మొత్తం సమయం నుంచి కూడా తీసివేయాలి. ఒక్క లవంలోనే సరిచేసి హారాన్ని 43,200 దగ్గరే వదిలేస్తే శాతం కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. కొన్ని ఎస్‌ఎల్‌ఏలలో ప్రకటించిన సమయమంతా కాకుండా అందులో నిజంగా ఆగిన భాగాన్నే, ఇక్కడ 115 నిమిషాలనే, మినహాయించమని ఉంటుంది. మీ పత్రం చదివి చూడండి.

షెడ్యూల్డ్ డౌన్‌టైమ్ నిజంగా ముందే పెట్టారా అన్నదీ లాగ్‌లోనే తేలుతుంది. దాన్ని నమోదు చేసిన క్షణం ఎక్స్‌టర్నల్ కమాండ్ అనే లైనుగా పడుతుంది. ఆ లైను సమయం అంతరాయం మొదలైన తర్వాత ఉంటే అది ముందస్తు మెయింటెనెన్స్ కిందకు రాదు.

అడుగు 7: మానిటర్ నిద్రపోయిన సమయాన్ని వెతకండి

లాగ్‌లో తప్పు లైను లేకపోవడం, సర్వీసు బాగుండడం ఒకటే అనుకోకండి. తనిఖీ చేసే యంత్రమే ఆగితే లాగ్ ప్రశాంతంగా ఉంటుంది. నాగియోస్‌ను పద్ధతిగా ఆపితే షట్‌డౌన్ లైను, మళ్లీ మొదలుపెడితే స్టార్టింగ్ లైను వస్తాయి. కరెంటు పోయి ఆగితే షట్‌డౌన్ లైను ఉండదు. అప్పుడు ఆటోసేవ్ లైన్లు చూడండి. రిటెన్షన్ డేటాను (నాగియోస్ దాచుకునే స్థితి వివరాలను) భద్రపరచినట్టు చెప్పే ఈ లైను, మామూలు సెట్టింగులతో, గంటకొకసారి పడుతుంది. ఎక్కడ గంట లైను తప్పిందో అక్కడ మానిటర్ పనిచేయలేదని అనుమానించాలి.

మన ఉదాహరణలో నవంబరు 27న 02:00 ఆటోసేవ్ లైను ఉంది, 03:00, 04:00 లైన్లు లేవు, 05:00కు స్టార్టింగ్ లైను ఉంది. ఆ 180 నిమిషాలు నాలుగవ ఖాతాలోకి వెళతాయి.

తర్వాత వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్ తెరిచి ఆ మూడు గంటల్లో 200 కోడ్‌తో, అంటే విజయవంతంగా, జవాబిచ్చిన అభ్యర్థనలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ క్షణాల్లో సైటు పేజీలు ఇచ్చినట్టు రుజువు. హోమ్ పేజీ వచ్చినంత మాత్రాన ఫీజు చెల్లింపు కూడా నడిచిందని చెప్పలేం, అందుకే చెల్లింపు పేజీ లైన్లనే వెతకాలి. ఆ వేళ అభ్యర్థనలే లేకపోతే ఏమీ తేలదు. తేలని భాగాన్ని తేలనిదిగానే ఉంచండి.

అడుగు 8: ఇప్పుడు భాగించండి

డౌన్‌టైమ్ మొత్తం: నవంబరు 5న 27, 16న 20, 22న 50, 30న 20, కలిపి 117 నిమిషాలు. మెయింటెనెన్స్ 120, తెలియనిది 180. ఈ మూడూ కలిపి 417. 43,200 నుంచి 417 తీసేస్తే పనిచేసిన సమయం 42,783 నిమిషాలు.

తెలియని సమయాన్ని రెండు వైపుల నుంచీ వదిలేస్తే 42,783ను 42,900తో భాగించాలి: 99.727 శాతం. తెలియని సమయమంతా సర్వీసు నడిచిందనుకుంటే 42,963ను 43,080తో భాగించాలి: 99.728 శాతం. ఆ సమయమంతా ఆగి ఉందనుకుంటే 42,783ను 43,080తో భాగించాలి: 99.310 శాతం.

ఎస్‌ఎల్‌ఏ లక్ష్యం 99.5 శాతం అనుకోండి. 43,080 నిమిషాల్లో అనుమతించిన డౌన్‌టైమ్ 215.4 నిమిషాలు. 117 అయితే లక్ష్యం చేరినట్టు, 297 అయితే తప్పినట్టు. అంటే ఈ నెల ఫలితమంతా ఎవరూ చూడని ఆ మూడు గంటల మీద ఆధారపడి ఉంది. అడుగు 7లో యాక్సెస్ లాగ్ తిరగేయమని పట్టుబట్టింది ఇందుకే. లక్ష్యం 99 శాతం అయి ఉంటే మూడు లెక్కల్లోనూ చేరినట్టే, అప్పుడు అంత వెతుకులాట అక్కరలేదు.

దశాంశాలను పైకి సవరించకండి. 99.496ను 99.5 అని రాస్తే తప్పిన లక్ష్యం చేరినట్టు కనిపిస్తుంది. మూడు దశాంశ స్థానాల వరకు ఉంచి తర్వాతి అంకెలను వదిలేయండి.

మూడు నెలలకో ఏడాదికో కలిపి చెప్పాలంటే నెలల శాతాల సగటు తీయకండి. నిమిషాలను ఖాతాల వారీగా కూడి మళ్లీ భాగించండి. 28 రోజుల ఫిబ్రవరికీ 31 రోజుల మార్చికీ ఒకే బరువు ఇవ్వకూడదు.

అడుగు 9: పంపే ముందు సరిచూసుకోండి

మొదట నాలుగు ఖాతాల మొత్తం నెల నిమిషాలకు సరిపోవాలి. ఒక్క నిమిషం తేడా ఉన్నా వెతకండి. ముగింపు నుంచి మొదలు తీసివేసినప్పుడు ఋణ సంఖ్య వచ్చిన వరుస ఏదైనా ఉంటే జత తప్పిందని అర్థం, సాధారణంగా ఒక సర్వీసు మొదలును మరో సర్వీసు ముగింపుతో కలిపి ఉంటారు. వ్యవధులు కూడిన గడి 24 గంటలు దాటగానే చిన్న సంఖ్య చూపిస్తే ఫార్మాట్‌లో గంటల గుర్తును చతురస్ర బ్రాకెట్లలో పెట్టండి.

అన్నిటికంటే పొడవైన అంతరాయాన్ని తీసుకుని ఫిర్యాదుల రిజిస్టరుతోనో టికెట్లతోనో పోల్చండి. ఫిర్యాదులు వచ్చిన సమయంలో మీ జాబితాలో అంతరాయమే లేకపోతే తనిఖీ తప్పు చోట జరుగుతోంది. పోర్టు తెరిచి ఉందా అని మాత్రమే చూసే తనిఖీకి లోపల పేజీ ఎర్రర్ ఇస్తున్నా అంతా ఓకేగానే కనిపిస్తుంది.

నాగియోస్ సొంత అవైలబిలిటీ రిపోర్టుతోనూ పోల్చండి. మామూలుగా అది సాఫ్ట్ స్థితులను లెక్కలోకి తీసుకోదు, కాబట్టి నవంబరు 5 సంఘటనను 25 నిమిషాలుగా చూపుతుంది. తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మీరు చెప్పగలిగితే చాలు, రెండు సంఖ్యలూ ఒకటే కావలసిన పని లేదు.

ఎంత సూక్ష్మంగా చెప్పగలం?

5 నిమిషాలకొకసారి చూసే మానిటర్‌కు రెండు తనిఖీల మధ్య జరిగింది కనిపించదు. నవంబరు 5 సంఘటననే చూడండి. చివరి మంచి తనిఖీ 09:55కు, మొదటి వైఫల్యం 10:00కు, చివరి వైఫల్యం 10:22కు, కోలుకున్నట్టు కనిపించింది 10:27కు. అసలు అంతరాయం 22 నిమిషాల నుంచి 32 నిమిషాల వరకు ఎంతైనా అయి ఉండవచ్చు, 27 అన్నది మధ్య సంఖ్య. మూడు నాలుగు నిమిషాల అంతరాయమైతే లాగ్‌లోకి రాకుండానే పోవచ్చు.

దీన్ని లక్ష్యంతో పోల్చి చూడండి. 30 రోజుల నెలలో 99.9 శాతానికి అనుమతి 43.2 నిమిషాలు, 99.99 శాతానికి 4.32 నిమిషాలు. అయిదు నిమిషాల తనిఖీతో 99.99 శాతం సాధించామని రాయడం కొలవనిదాన్ని కొలిచినట్టు చెప్పడమే. అంత లక్ష్యం ఉంటే తనిఖీని అర నిమిషానికో అంతకంటే తక్కువకో మార్చండి, వీలైతే రెండు వేర్వేరు చోట్ల నుంచి చేయించండి.

ప్రొమీథియస్ వాడేవారికి

ప్రొమీథియస్ ఎప్పటికప్పుడు కొలతలు సేకరించి దాచే మరో మానిటరింగ్ సాధనం. అక్కడ అంతరాయాల జాబితా ఉండదు, 1 లేదా 0 అనే నమూనాలు ఉంటాయి. 30 రోజుల సగటు తీస్తే శాతం వస్తుంది, కానీ రెండు సంగతులు చూసుకోవాలి. మామూలు సెట్టింగులతో అది డేటాను 15 రోజులే ఉంచుతుంది. 30 రోజులకు సగటు అడిగితే ఎర్రర్ ఇవ్వదు, ఉన్న రోజులకే లెక్కించి జవాబిస్తుంది. కాబట్టి సగటుతో పాటు నమూనాల సంఖ్యను కూడా అడగండి. నిమిషానికొకటి అయితే 30 రోజులకు 43,200 ఉండాలి, తక్కువైనవన్నీ నాలుగవ ఖాతా. రెండవది, అప్ అనే మెట్రిక్ చెప్పేది ప్రొమీథియస్ ఆ యంత్రం నుంచి కొలతలు తీసుకోగలిగిందా అన్నదే. వినియోగదారుకు పేజీ వస్తోందా అని తెలియాలంటే బ్లాక్‌బాక్స్ ఎక్స్‌పోర్టర్ (బయటి నుంచి పేజీని అడిగి చూసే సాధనం) పెట్టి దాని ప్రోబ్ సక్సెస్ విలువను వాడండి.

రిపోర్టులో రాయవలసిన వాక్యం

శాతాన్ని ఒంటరిగా పంపకండి. మన ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "2025 నవంబరు 1 నుంచి 30 వరకు, భారత కాలమానం ప్రకారం, మొత్తం 43,200 నిమిషాలు. ముందుగా తెలియజేసిన మెయింటెనెన్స్ 120, అంతరాయాలు 117, మానిటరింగ్ లేని సమయం 180 నిమిషాలు. కొలిచిన సమయంలో అప్‌టైమ్ 99.727 శాతం. మానిటరింగ్ లేని సమయమంతా సర్వీసు ఆగి ఉందనుకుంటే 99.310 శాతం. తనిఖీ విరామం 5 నిమిషాలు." దీని కింద అంతరాయాల పట్టికను జతచేయండి. లెక్కకు వాడిన లాగ్ ఫైళ్లను కుదించి, స్ప్రెడ్‌షీట్‌తో కలిపి, ఎస్‌ఎల్‌ఏ కాలపరిమితి ముగిసే వరకు భద్రపరచండి.